ఫెయిర్ నోట్సుకు ఇరవై

ఆగస్టు 4, ఆదివారం

బడి నుంచి వచ్చాక నాలుగు గంటలు చదివాను. సైన్సు రఫ్ పుస్తకంలో ఉన్నదంతా ఫెయిర్ పుస్తకంలోకి ఎక్కించాను. శీర్షికలు ఎర్ర పెన్నుతో, వాటి కింద స్కేలుతో గీత. గుండె బొమ్మ రెండు రంగుల్లో చక్కగా కుదిరింది. ఎక్కడా కొట్టివేత లేదు.

మంచి రోజు. దేవునికి స్తోత్రం.

నెల్వా ఫోన్ చేయలేదు. లిమాలో మా చిన్న చెల్లికి ఆదివారాలు కూడా పనే కాబోలు.

ఆగస్టు 10, శనివారం

ప్రొఫెసర్ ఒవీదియో ఈ రోజు హాజరు పిలవకుండా ముందు ఒక కాగితం తీశాడు.

"అమ్మలారా, అయ్యలారా, ఈ డిసెంబరుతో మన శని ఆదివారాల బడి మూత. తొమ్మిది మంది పెద్దవాళ్ళ కోసం తరగతి నడపరట. మిగిలిపోయినవాళ్ళు హువాంకాయో పట్నం వెళ్ళి చదువుకోవాలి. ఇంకొక మాట. ఈసారి ఆఖరి పరీక్షలో రాసిందే మార్కు. నోట్సు మార్కులు కలపరు."

నన్ను వరస కలిపి వదినా అని పిలిచే కసిమిరా నా వెనక బెంచీలోంచి అంది, "అయ్యో మాస్టారూ, కాస్త మెల్లిగా చెప్పకూడదూ! మా వదిన గుండె ఆగిపోయింది చూడండి. పుస్తకంలో బొమ్మ ఒక్కటే కొట్టుకుంటోంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

భాష, చరిత్ర, లెక్కలు గడిచిపోయాయి. మూడింటిలోనూ పదమూడే. ఫెయిర్ నోట్సుకు ఇరవైకి ఇరవై, పరీక్షకు ఆరు. రెండూ కలిపి సగం చేస్తే పదమూడు. పదకొండు లోపు వస్తే ఎర్ర సిరాతో వేస్తారు, పదకొండు నుంచి నీలం. నా కార్డులో అన్నీ నీలం అంకెలే.

సైన్సు ఒక్కటే మిగిలింది. నాలుగు నెలల వ్యవధి ఉంది. ఇంకా జాగ్రత్తగా ఫెయిర్ చేయాలి.

ఆగస్టు 11

పచ్చ పెన్ను కొన్నాను. ఉపశీర్షికలకు.

ఆగస్టు 15, గురువారం. మరియమాత మోక్షారోపణ పండుగ

గుడి బల్లగుడ్డలు పదిహేను ఉతికి ఇస్త్రీ చేశాను. పాద్రిగారు బాగున్నాయన్నారు.

ఇంటికొచ్చి గోడ దుమ్ము దులిపాను. నెల్వా పుట్టిన ఏడాది నాన్న ఈ గోడకు ఐదు మేకులు కొట్టాడు. "ఐదుగురు పిల్లలు, ఐదు సర్టిఫికెట్లు," అన్నాడు. ఆ ఏడాదే అమ్మ పోయింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. నాన్న గనిలో ఉండి నెలకోసారి వచ్చేవాడు. ఇప్పుడు ఎర్మిలియోది, సోసిమోది, దెల్ఫీనాది, నెల్వాది వరసగా వేలాడుతున్నాయి. అన్నిటికంటే ముందున్న మేకు నాది. దానికి ఇస్త్రీ గుడ్డల సంచి తగిలిస్తున్నాను.

బడిలో చేరానని ఇంకా ఎవరికీ చెప్పలేదు. పాసయ్యాక చెబుతాను. ఫెయిలైతే చెప్పడానికేమీ ఉండదు.

ఆగస్టు 25, ఆదివారం

నెల పరీక్ష పేపర్లు ఇచ్చారు. నోట్సుకు ఇరవై. పరీక్షకు ఐదు, ఎర్రగా.

కసిమిరాకు నోట్సులో తొమ్మిది, పరీక్షలో పదిహేను. బజారులో రొట్టెల బుట్ట పెట్టుకుని అమ్మే మనిషి. ఆమె పుస్తకం అట్ట మీద వెన్న మరకలు, లోపల నువ్వులు. తెరిస్తే సోంపు వాసన. గుండె బొమ్మ చూస్తే బంగాళాదుంపలా ఉంది.

"ఎప్పుడు చదువుతావు నువ్వు?" అని అడిగాను.

"బుట్ట దగ్గరే. రొట్టె కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ప్రశ్న. మూత్రపిండాలు ఏం చేస్తాయో చెప్పు, చెప్పకపోతే నేను చెబుతా, విని వెళ్ళు అంటా. పాపం, కొందరు ఇప్పుడు అవతలి వీధి రొట్టె కొనుక్కుంటున్నారు."

"ఈ పుస్తకం కాస్త శుభ్రంగా పెట్టుకోవచ్చు కదా."

"వదినా, నువ్వు చేత్తో చదువుతావు. నీ చెయ్యి బంగారం, కాదనను. కానీ పరీక్ష రోజున నీ చెయ్యి దేన్ని చూసి రాస్తుంది?"

ఆమెకు చదువంటే గౌరవం లేదు. గుండె మీద వెన్న పూసుకునే మనిషితో ఏం మాట్లాడతాం.

సెప్టెంబరు 1

ఐదు గంటలు చదివాను. ఊపిరితిత్తుల పాఠం మళ్ళీ మొదటినుంచి ఫెయిర్ చేశాను. పాత పేజీలో ఒకచోట సిరా కాస్త చిమ్మింది.

సెప్టెంబరు 8, ఆదివారం

నెల్వా ఫోన్ చేసింది! ఐదు వారాల తరవాత.

"అక్కా, బాగున్నావా? చలి తగ్గిందా? విను, ఒక్క సాయం. మా అమ్మాయి సెలెస్తే నోట్సు చూసి వాళ్ళ టీచరు కోడి గీకిందా అందట. నువ్వు మాకు రాసిపెట్టేదానివే, అలా దానికీ ఒక్క పుస్తకం రాసిపెట్టవూ? బస్సులో పంపిస్తాను."

"పంపు తల్లీ."

"మా అక్క బంగారం. మరి నువ్వేం చేస్తున్నావు అక్కడ?"

చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. "ఏముంది, గుడి బట్టలు," అన్నాను.

"ఎప్పుడూ అవేనా! సరే అక్కా, ఇంకో ఫోన్ వస్తోంది."

ఒక నిమిషం నలభై సెకన్లు మాట్లాడింది. గొంతు బాగుంది. కాస్త జలుబు ఉన్నట్టుంది.

సెప్టెంబరు 14, శనివారం

ఈ రోజు బడికి వెళ్ళలేదు. సెలెస్తే పుస్తకం పూర్తి చేశాను. మూడు రోజులు పట్టింది. బస్సుకు ఇచ్చి వచ్చాను.

దానిలోనూ గుండె పాఠమే. ఎర్మిలియోకు గీశాను, సోసిమోకు గీశాను, దెల్ఫీనాకు, నెల్వాకు, నాకు, ఇప్పుడు సెలెస్తేకు. ఆరు గుండెలు. సెకండరీ చదువు మొత్తం ఈ చేత్తో నాలుగుసార్లు రాశాను. మార్కులు వచ్చినప్పుడల్లా వాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. "అక్కా, నోట్సుకు ఇరవై!" అని.

ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు తింటూ నన్ను నేను అడిగాను. ఎర్ర రంగు ఏ వైపు వేశాను? నీలం ఏ వైపు? గుర్తు రాలేదు. లేచి పుస్తకం తెరిచి చూడవలసి వచ్చింది.

అలసట.

అక్టోబరు 1

ప్రభువు మొక్కుకు ఊదా రంగు బట్టలు తీసి కట్టుకున్నాను. ఈ నెలంతా ఇవే.

అక్టోబరు 13, ఆదివారం

నోట్సుకు ఇరవై. పరీక్షకు ఏడు. రెండు మార్కులు పెరిగాయి. చదువు ఫలిస్తోంది.

పుస్తకం చేరిందని నెల్వా ఫోన్ చేయలేదు. చేరకపోతే చేసేది కదా. అంటే చేరిందన్నమాట.

అక్టోబరు 27, ఆదివారం

ఏడాది చివర జరిగే నోట్సు తనిఖీకి మా పుస్తకాలన్నీ తీసుకుని ప్రొఫెసర్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. రఫ్, ఫెయిర్, రెండూ. నాది పైన పెట్టాడు. "ఇది చూపిస్తే పైవాళ్ళు నన్ను మెచ్చుకుంటారు, ఫిదేలియా గారూ," అన్నాడు. సంతోషమేసింది.

నవంబరు 2, శనివారం. చనిపోయినవారి పండుగ

సమాధుల దగ్గర నుంచి తిన్నగా బడికి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి చెప్పాడు. ప్రొఫెసర్ వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చిందట. ఆవిడ ఊరు హౌహా వెళ్ళిపోయాడు. మూడు వారాలు రాడు. అంతవరకు ఒకావిడ వచ్చి హాజరు వేసుకుని వెళ్తుంది.

"బీరువా తాళంచెవి?"

"ఆయన జేబులోనే ఉండిపోయిందమ్మా."

కసిమిరా నడుం మీద చేతులు పెట్టుకుని బీరువా వంక చూసింది. "పోనీలే, నా పుస్తకం కాస్త ఒళ్ళు కడుక్కున్నట్టుంటుంది. నీ పుస్తకం కిందే పెట్టాడు కదా."

నవ్వలేదు నేను.

నవంబరు 3

పుస్తకం లేదు. చేతులకు తోచడం లేదు. పెన్నులు మూడూ కడిగి ఆరబెట్టాను.

నవంబరు 5

పరీక్షకు నలభై రోజులు కూడా లేవు. పుస్తకం లేకుండా ఎలా చదవడం?

నవంబరు 6, బుధవారం

వాన. బల్ల దగ్గర ఊరికే కూర్చున్నాను.

ఒక సంగతి రాయాలి. రాసి తీరాలి, లేకపోతే ఈ డైరీ ఎందుకు.

ఎర్మిలియో చేతిరాత అంటే నా చేతిరాతే. నెల్వాదీ అంతే. నేను ఫెయిర్ చేస్తుంటే నలుగురూ బల్ల చుట్టూ చేరేవాళ్ళు. ఒకరు స్కేలు పట్టుకునేవాళ్ళు, ఒకరు రంగు చెప్పేవాళ్ళు. నెల్వా నా మోచేతి కింద నిద్రపోయేది. ఇప్పుడూ ఎర్ర పెన్ను తీసి మార్జిను కొడితే ఇల్లు ఖాళీగా అనిపించదు.

నేను చదవడం లేదు. వాళ్ళను పిలుచుకుంటున్నాను.

ప్రభువా, ఇది తెలియడానికి నా పుస్తకం తీసేసుకోవాలా నువ్వు?

నవంబరు 9, శనివారం

బట్టలుతికే బండ దగ్గరకు కసిమిరా వచ్చింది. అమ్ముడుపోని రొట్టెలు నాలుగు తెచ్చింది. బండ పక్క కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"చెప్పు వదినా, రక్తం ఎటునుంచి ఎటు పోతుంది?"

"పుస్తకం ఉంటే..."

"పుస్తకం బీరువాలో ఉంది. నువ్వు ఇక్కడున్నావు. చెప్పు."

"కుడి..." అన్నాను. తరవాత రాలేదు. పాద్రిగారి తెల్ల అంగీ పిండుతూ ఉండిపోయాను.

ఆమె ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. రొట్టె తుంచుకుని నమిలింది.

"సరే, జపమాలలోని దుఃఖ దేవరహస్యాలు ఐదూ చెప్పు."

ఐదూ ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"ఏ పుస్తకంలో ఫెయిర్ చేశావు వీటిని?"

"ఎక్కడా రాయలేదు. అమ్మ నేర్పింది."

"ఎలా నేర్పింది?"

మా అమ్మకు రాత రాదు. యాత్రకని మురువాయ్ కొండకు నడిచి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా నేర్పింది. మరియమాత వందనం జపం సగం చెప్పి ఆపేది. మిగతా సగం నేను చెప్పాలి. తప్పితే తిట్టేది కాదు, నడక ఆపేసేది. నేను గుర్తు తెచ్చుకునేదాకా ఇద్దరం దారి మధ్యలో నిలబడేవాళ్ళం.

ఇదంతా కసిమిరాకు చెప్పాను. ఆమె లేచి పావడా దులుపుకుంది.

"నీ జన్మంతటికీ మంచి టీచరు ఆవిడేనన్నమాట. రెండు రొట్టెలు నీకు, రెండు నాకు. పోయొస్తా. పొద్దుటి నుంచి కాలేయం గురించి ఎవరికీ చెప్పలేదు, నోరు దురద పెడుతోంది."

నవంబరు 10, ఆదివారం

కుడి కర్ణిక. కుడి జఠరిక. ఊపిరితిత్తులు. ఎడమ కర్ణిక. ఎడమ జఠరిక.

ఐదు. జపమాల పూసల్లోనూ ఐదు పదులే.

బండ దగ్గర నిలబడి పైకే చెప్పుకున్నాను. మూడుచోట్ల తప్పాను. తప్పినచోట ఉతకడం ఆపేశాను. గుర్తు వచ్చేదాకా చేతులు చన్నీళ్ళలోనే ఉంచాను.

నవంబరు 12

ఈ జపమాల పూసల మీద రక్తం దారి లెక్కపెట్టడం తప్పేమోనని సందేహం. రక్తానికి ఆ దారి వేసింది ఆయనే కదా. అయినా పాత పూసలు వేరే తీశాను, పాఠానికి.

నవంబరు 15

మూడు రోజులు ఆ పాఠం ముట్టుకోలేదు. ఈ రోజు చెప్పుకుంటే సగం పోయింది. బాధేసింది. పట్టుబట్టి మిగతా సగం లాగాను. ఇలా పోయి మళ్ళీ వచ్చినదే గట్టిగా నిలుస్తోంది. చూసి రాసింది ఒక్కటీ నిలవలేదు.

నవంబరు 17, ఆదివారం

ఇస్త్రీ బట్టలు చుట్టే కాగితాల వెనక, చూడకుండా, తెలిసినంత రాశాను. ఎన్ని కొట్టివేతలు! చింపేద్దామనుకున్నాను. చింపలేదు. కొట్టేసినచోటే నాకు రానిదేదో తెలుస్తోంది.

నవంబరు 20

అడిగే సగం అమ్మది, జవాబు సగం నాది. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. రెండు సగాలూ నేనే చెప్పుకుంటున్నాను. పొరుగింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఎవరొచ్చారు ఫిదేలియా?" అని అడిగింది.

ఎవరూ రాలేదన్నాను.

నవంబరు 24, ఆదివారం

ప్రొఫెసర్ వచ్చాడు. చిక్కిపోయాడు. వాళ్ళమ్మ లేచి కూర్చుంటోందట. పుస్తకాలు తిరిగి ఇచ్చాడు. నాదానికి ఇరవై, పక్కన బంగారు రంగు నక్షత్రం అంటించాడు.

పాత బల్లగుడ్డలో చుట్టి అలమరలో పెట్టాను. చెప్పుకున్నాక తప్పు చూసుకోవడానికే తీస్తాను.

డిసెంబరు 8, ఆదివారం

ఈ రోజు కసిమిరా నన్ను నలభై ప్రశ్నలు అడిగింది. ముప్పై ఒకటి చెప్పాను. "ఇక నిన్ను వదినా అనను, డాక్టరమ్మా అంటా," అంది. ఆమెను నేను అడిగితే ఎముకల దగ్గర తడబడింది. బదులుగా నన్ను తిట్టింది.

డిసెంబరు 11, బుధవారం

లిమా బస్సులో పొట్లం వచ్చింది. కొత్త తెల్ల పుస్తకం ఒకటి, సెలెస్తే రఫ్ పుస్తకం ఒకటి. ఏడాది మొత్తం పాఠాలు. చీటీ: "అక్కా, సోమవారం నోట్సు తనిఖీ. శనివారం బస్సుకు ఇచ్చెయ్యి. నువ్వే దిక్కు. ముద్దులతో, నెల్వా."

శనివారం నా పరీక్ష.

పెన్నులు తీశాను. మొదటి పేజీ మీద స్కేలు పెట్టాను. ఆ తెల్ల కాగితం వాసన. నెల్వా చిన్నప్పటి జుట్టు వాసన ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. వాళ్ళు అడిగినప్పుడు ఒక్కసారీ కాదనలేదు. కాదంటే ఇక దేనికి ఫోన్ చేస్తుంది?

పెన్ను మూత పెట్టాను. జపమాలలో ఒక పది చెప్పుకున్నాను.

డిసెంబరు 12, గురువారం

పొట్లం మళ్ళీ కట్టి పొద్దుటి బస్సుకు ఇచ్చాను. పుస్తకంలో మార్జిను కూడా కొట్టలేదు. తరవాత నేనే ఫోన్ చేశాను.

"నెల్వా, రాయలేదమ్మా. అలాగే పంపించాను."

"అయ్యో, ఏమైందక్కా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. శనివారం నాకు పరీక్ష ఉంది."

"ఏం పరీక్ష? షుగరుకా? డాక్టరేమన్నాడు? నాకు ముందే చెప్పొద్దూ!"

"బడి పరీక్ష. సైన్సు. ఐదో సెకండరీ, ఆఖరిది."

వెనక టీవీ వినిపిస్తోంది.

"నువ్వా? ఎప్పటినుంచి?"

"రెండేళ్ళ నుంచి."

"ఇప్పుడు నీకెందుకక్కా ఆ చదువు? ఎవరడిగారు?"

"సెలెస్తేను నోటితో చెప్పమను," అన్నాను. "నువ్వు సగం అడిగి ఆగు. మిగతా సగం అది చెబుతుంది. దాని నోట్సు అదే రాసుకోనీ, కోడి గీకినా సరే."

"నాకు అంత టైమెక్కడుందక్కా? పోనీలే, చూస్తాలే. ఉంటా."

యాభై రెండు సెకన్లు.

డిసెంబరు 13

నెల్వా ఫోన్ చేయలేదు.

డిసెంబరు 14, శనివారం

నాలుగో ప్రశ్న, రక్త ప్రసరణ. బొమ్మ గీసి వివరించండి.

చదవగానే తల ఖాళీ అయిపోయింది. బడి గోడ తప్ప ఏమీ కనబడలేదు. కళ్ళు మూసుకున్నాను. బండ మీద నీళ్ళ చప్పుడు గుర్తు తెచ్చుకున్నాను. కుడి కర్ణిక అన్నాను లోపల. ఆగాను. అమ్మ కూడా ఆగింది. కుడి జఠరిక.

ఆ తరవాత ఆగలేదు.

బొమ్మ వంకరగా వచ్చింది. బంగాళాదుంపే. రెండుచోట్ల కొట్టేశాను. ఎర్ర పెన్ను సంచిలోంచి తీయనే లేదు.

బయటికొచ్చాక కసిమిరా, "గుండె గీశావా డాక్టరమ్మా?" అంది. "గీశాను. వెన్న ఒక్కటే తక్కువ," అన్నాను. ఆమె నన్ను గట్టిగా పట్టుకుంది. ఈ ఏడాది నన్ను అలా పట్టుకున్న మొదటి మనిషి.

డిసెంబరు 21, శనివారం

పన్నెండు. నీలం సిరా.

కార్డులో అన్నిటికంటే తక్కువ మార్కు ఇదే. పూర్తిగా నాది ఇదొక్కటే.

కసిమిరాకు పదిహేడు. బడి గేటు ముందు బుట్ట దించి దారిన పోయే ప్రతివాడికీ ఒక రొట్టె ఊరికే ఇచ్చింది. ప్రశ్న అడగకుండా.

కార్డు అడుగున ఒక గీత ఉంది. "తల్లి, తండ్రి లేదా సంరక్షకుల సంతకం." పిల్లల బడి కార్డులే మాకూ ఇచ్చారు.

"దీనికేం చేయాలి మాస్టారూ?" అని అడిగాను.

"మీరే పెట్టేసుకోండి ఫిదేలియా గారూ. లేకపోతే వదిలేయండి. ఎవరూ చూడరు."

"నా కార్డు మీద నా మనవరాలు పెడుతుంది," అంది కసిమిరా. "ముందు పదిహేడేనా అని నిలదీసి, అప్పుడు పెడుతుందట."

ఇంటికి వచ్చి కార్డు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. నలుగురి కార్డుల మీదా ఆ గీతపైన సంతకం నాదే. పన్నెండేళ్ళప్పుడు మొదలుపెట్టాను, పెద్దవాళ్ళ రాతలా కనిపించాలని కాస్త వాల్చి. ఎర్ర అంకె ఉన్నా పెట్టాను, నీలం ఉన్నా పెట్టాను. ఎన్నిసార్లో లెక్కలేదు.

నా పేరు నేను పెట్టుకోవచ్చు. అలవాటే.

ఇస్త్రీ గుడ్డల సంచి మేకు మీంచి తీసి కుర్చీ మీద వేశాను. ఇంకేమీ చేయలేదు.

డిసెంబరు 22, ఆదివారం

పూజ అయ్యాక కార్డు కవరులో పెట్టి ఏడు గంటల లిమా బస్సుకు ఇచ్చాను.

చీటీలో ఒక్క వాక్యం. "నెల్వా, చూసి సంతకం పెట్టి పంపు." కింద అక్క అని రాసి, కొట్టేసి, ఫిదేలియా అని రాశాను.

కొట్టివేత అలాగే కనిపిస్తోంది. ఇంకో కాగితం తీయలేదు.